కార్తీక నక్తాల తర్వాత మొటిమలు, ఇప్పుడు జుట్టు రాలడం. కారణం ఉపవాసమా, తిండా?

గోదారి_గట్టు:

అందరికీ నమస్కారం. మా చెల్లెలి గురించి అడుగుతున్నాను. వయసు 26, ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు, కార్తీకానికి ముందు బరువు 56 కిలోలు. నెలంతా నక్తాలు ఉంది. తెల్లవారుజామున చన్నీళ్ల తలస్నానం, దీపం. పగలు నాలుగు కాఫీలు (ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార), రెండు అరటిపళ్లు, మధ్యాహ్నం గ్లాసుడు పాలు. వారంలో రెండు మూడుసార్లు సగ్గుబియ్యం పాయసం. చుక్క కనిపించాక అన్నం, ఏదో ఒక కూర, చారు, కాస్త పెరుగు. సోమవారాలు రాత్రి కూడా అన్నం లేదు, ఉప్పుడు పిండే. మామూలు రోజుల్లో వారానికి నాలుగైదు గుడ్లు తినేది, అవీ మానేసింది.

మూడో వారంలో నుదుటి మీద, దవడ పక్కన మొటిమలు లేచాయి. కాళ్లు, మోచేతులు పొడిబారి తెల్లగా పొట్టు రాలాయి. స్కిన్ డాక్టరు డాక్సీసైక్లిన్ 100 ఇచ్చారు. మొటిమలు తగ్గాయి గానీ నాలుగో రోజు నుంచి గుండెల్లో మంట, ముద్ద మింగితే నొప్పి. పోలి పాడ్యమి నాటికి బరువు 51.5. అంతా సర్దుకుందనుకుంటే సంక్రాంతి వెళ్లాక జుట్టు మొదలైంది. తలంటుకుంటే గుప్పెడు ఊడి వస్తోంది. వేళ్ల కణుపులు కూడా నల్లబడ్డాయి.

రక్తపరీక్షలు: హిమోగ్లోబిన్ 11.1, ఫెరిటిన్ (ఇనుము నిల్వ) 9, బి12 178, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) 2.4.

ఇంట్లో పెద్దవాళ్లు వేడి చేసిందంటున్నారు. ఒక వీడియోలో మాత్రం ఉపవాసంలో లోపలి మలినాలు చర్మం గుండా బయటికి పోతాయని, మొటిమలు రావడం మంచి లక్షణమని చెప్పారు. తను ఫిబ్రవరి 15న శివరాత్రికి ఉపవాసం, జాగరణ రెండూ ఉంటానంటోంది. ఉండొచ్చా? ఇక ముందు నక్తాలు చేస్తే ఏం మార్చుకోవాలి?

పథ్యం:

తిండి వివరంగా రాశారు కాబట్టి లెక్క కట్టడం తేలికైంది.

ముందు ప్రొటీన్ చూద్దాం. రెండు అరటిపళ్లలో 2 గ్రాములు. గ్లాసుడు పాలలో 6 నుంచి 7. నాలుగు కాఫీల్లో పడే పాలు అన్నీ కలిపి పావులీటరు అనుకుంటే 7 గ్రాములు. రాత్రి 100 గ్రాముల బియ్యం అన్నంలో 7 నుంచి 8, కూరలో 2, కాస్త పెరుగులో 3. చారులో చెప్పుకోదగ్గదేమీ ఉండదు, పప్పు కట్టు వేసినా ఒకటో అరో. మొత్తం 28, 29 గ్రాములు. మన జాతీయ పోషకాహార సంస్థ (హైదరాబాదు తార్నాకలో ఉన్నదే) లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి. 56 కిలోలకు 46 గ్రాములు దాటుతుంది. అంటే రోజూ 17, 18 గ్రాములు తక్కువ. అది ఒకరోజు కాదు, నెలంతా. సోమవారాలు ఇంకా తక్కువ.

కేలరీలు సుమారు 1200. ఈ వయసులో కూర్చుని పనిచేసే అమ్మాయికి 1660 దాకా కావాలి. రోజుకు 450 లోటు చొప్పున నెలకు 13,500. కిలో కొవ్వు కరగాలంటే 7700 కేలరీలు ఖర్చవ్వాలి కాబట్టి ఈ లోటుకు కరిగే కొవ్వు రెండు కిలోల లోపే. తగ్గింది నాలుగున్నర. మిగతా రెండున్నర కిలోలు నీరు, కండ. బరువు తూచే మిషను ఈ తేడా చెప్పదు, అందుకే నెలాఖరుకి అందరూ సంతోషిస్తారు.

పంచదార అయితే కాఫీల్లోనే 40 గ్రాములు, పాయసం లెక్క వేరు. రోజుకు 20, 25 గ్రాములు దాటొద్దన్నది అదే సంస్థ మాట. సగ్గుబియ్యం గురించి కాస్త గట్టిగా చెప్పాలి. సామర్లకోట, పెద్దాపురం మిల్లుల్లో కర్రపెండలం దుంప నుంచి తీసిన పిండి పదార్థమే గుళ్లు కట్టి సగ్గుబియ్యం అవుతుంది. 100 గ్రాములకు 350 కేలరీలు ఉంటాయి, ప్రొటీన్ ఒక గ్రాము కూడా ఉండదు, ఇనుము, పీచు నామమాత్రం. ఖాళీ కడుపున అది, దానికి తోడు పంచదార పడితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా లేచి రెండు గంటల్లో పడిపోతుంది. మధ్యాహ్నం మూడింటికి తల తిరగడం, చిరాకు, ఇంకో కాఫీ కోసం చెయ్యి చాపడం ఆ పడిపోవడం వల్ల కావచ్చు. చాలామంది దాన్ని ఉపవాసం నీరసం అనుకుంటారు.

ఇప్పుడు మార్పులు. నక్తం నియమం తప్పకుండానే ఆ 18 గ్రాములు పూరించవచ్చు, పైగా మన నైవేద్యాల్లోనే ఉన్నాయవి.

అన్నిటికన్నా ముందు వడపప్పు. 40 గ్రాముల పెసరపప్పు (చిన్న గిన్నెడు) రెండుసార్లు కడిగి, గంటన్నర నానబెట్టి, నీళ్లు పూర్తిగా ఒంపేసి, కొబ్బరి కోరు, మిరియాల పొడి, చిటికెడు ఉప్పు, నిమ్మరసం కలపాలి. 9 నుంచి 10 గ్రాముల ప్రొటీన్. కడుపు ఉబ్బరం చేసేవాళ్లు మూడు గంటలు నానబెట్టి అయిదు నిమిషాలు ఆవిరి మీద ఉంచితే సరిపోతుంది. ఉబ్బరానికి పప్పు కన్నా ఎక్కువగా కారణమయ్యేది సరిగా నానకపోవడం, గబగబా మింగడం. పచ్చి పప్పు పగలు తినకూడదని మీ ఇంట్లో ఆనవాయితీ ఉంటే రాత్రి భోజనానికి మార్చుకోండి.

రాత్రి చారుకు బదులు ముద్దపప్పు. 40 గ్రాముల కందిపప్పు వండితే ఒక మనిషికి 9 గ్రాములు. పెరుగు కాస్త కాదు, 200 గ్రాముల గిన్నె. వేరుశనగలు తినే ఆచారం ఉంటే 30 గ్రాములు ఉడకబెట్టినవి, 7 గ్రాములు అక్కడ వస్తాయి. చిమ్మిలి ఒక ఉండ తినొచ్చు, నువ్వుల్లో మంచి కొవ్వు, కాల్షియం ఉన్నాయి. అయితే చిమ్మిలి తింటే రక్తం పడుతుందని ఇనుము కోసం దాని మీద ఆధారపడొద్దు, నువ్వుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టేది చాలా తక్కువ.

ఇనుము ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడు కావాలి. కార్తీకంలో ఉసిరికాయ ఎలాగూ ఇంట్లో ఉంటుంది. రాత్రి భోజనంలో ఒక పచ్చి ఉసిరికాయ ముక్కలు లేదా అప్పటికప్పుడు నూరిన పచ్చడి తింటే ఆ రోజుకు కావాల్సిన సి విటమిన్ వచ్చేస్తుంది, ఆకుకూరలో, పప్పులో ఉన్న ఇనుము కూడా బాగా పడుతుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ వద్దు. ఉపవాసం విరమించగానే వేడివేడి కాఫీ తాగి వెంటనే భోజనానికి కూర్చోవడం చాలా ఇళ్లలో ఉంది, దానితో ఆ పూట ఇనుము సగం వృథా.

కాఫీలు రెండుకు తగ్గించి, మిగతా రెండు పూటల ఉప్పు వేసిన మజ్జిగ తాగితే పంచదార 20 గ్రాములు తగ్గుతుంది, తలనొప్పి కూడా. నాలుగు కాఫీలు ఒకేసారి రెండు చెయ్యొద్దు, కార్తీకానికి వారం ముందు నుంచి రోజుకు కొంచెం తగ్గించుకు రావాలి. లేకపోతే మొదటి మూడు రోజులు తలనొప్పితో పడుకోవాల్సి వస్తుంది.

చర్మం_జుట్టు:

పథ్యం గారి లెక్కకు చర్మం వైపు నుంచి జోడిస్తాను. ఇక్కడ నాలుగు వేర్వేరు సంగతులు జరిగాయి. అన్నిటికీ ఒకే పేరు పెట్టడం వల్లే ఇంట్లో గందరగోళం.

జుట్టు సంగతి ముందు. తల మీద వెంట్రుకల్లో దాదాపు 90 శాతం పెరుగుతూ ఉంటాయి, మిగతావి విశ్రాంతిలో ఉంటాయి. ఒంటికి తిండి చాలనప్పుడు, తీవ్ర జ్వరం, కాన్పు వంటివి వచ్చినప్పుడు పెరిగే వెంట్రుకల్లో చాలా భాగం ఒకేసారి విశ్రాంతిలోకి పోతాయి. కానీ వెంటనే ఊడవు. కుదురులో రెండు మూడు నెలలు అలాగే నిలిచి, కింద కొత్త వెంట్రుక మొదలయ్యాక రాలతాయి. కార్తీకం అక్టోబరు 22న మొదలైంది, సంక్రాంతికి సరిగ్గా ఆ గడువు వచ్చింది. దీన్ని టెలోజన్ ఎఫ్లూవియం అంటాం. ఇప్పుడు వాడుతున్న షాంపూనో, కొత్త నూనెనో తిట్టుకోవడం అనవసరం.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. తలంటుకుని ఒక రోజు గడిచాక, 50, 60 వెంట్రుకలు బొటనవేలు, చూపుడువేలు మధ్య కుదుళ్ల దగ్గర పట్టుకుని చివరి దాకా నెమ్మదిగా లాగండి. ఆరేడు కన్నా ఎక్కువ ఊడి వచ్చి, ప్రతిదాని మొదట్లో చిన్న తెల్లటి బుడిపె ఉంటే ఇదే. బుడిపె లేకుండా మధ్యలో తెగితే అది వెంట్రుక చిట్లడం, దాని దారి వేరు. ఒకచోట నాణెమంత నున్నగా అయిపోయినా, మాడు ఎర్రబడి దురదగా ఉన్నా డాక్టరుకు చూపించాలి.

ఈ రకంగా రాలడంతో బట్టతల రాదు. కారణం సరిదిద్దితే మూడు నుంచి ఆరు నెలల్లో ఆగుతుంది. నుదుటి అంచున అంగుళం పొడవు వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపిస్తే తిరిగి వస్తోందని అర్థం. ఆమె విషయంలో కారణం తిండి ఒక్కటే కాదు. ఫెరిటిన్ 9 అంటే ఇనుము నిల్వలు అడుగంటినట్టే, 15 కన్నా తక్కువ ఉంటే నిల్వ లేనట్టు లెక్క. హిమోగ్లోబిన్ కూడా 12 లోపే ఉంది. 26 ఏళ్ల అమ్మాయికి ఒక్క నెలలో ఇంత లోటు రాదు. నెలసరి ఎక్కువగా అవుతోందేమో అడగండి, పాత లోటును నక్తాలు పైకి తెచ్చి ఉంటాయి.

బయోటిన్ మాత్రలు మొదలుపెట్టకండి. బయోటిన్ లోపం చాలా అరుదు, ఈ జుట్టుకు దానితో పని లేదు. పైగా పెద్ద మోతాదు బయోటిన్ రక్తంలో ఉంటే థైరాయిడ్ పరీక్ష తప్పుగా చూపిస్తుంది. ఇప్పటికే వాడుతుంటే టీఎస్‌హెచ్ తీయించే ముందు కనీసం రెండు మూడు రోజులు ఆపి, ల్యాబులో ఆ మాట చెప్పాలి.

వేళ్ల కణుపులు నల్లబడటం చాలామంది పట్టించుకోరు, మీరు గమనించడం మంచిదైంది. బి12 తగ్గితే మన చర్మం రంగు వాళ్లలో మొదట కనిపించే చోట్లలో అదొకటి. వేళ్ల పైవైపు, గోళ్ల చుట్టూ, అరచేతి గీతల్లో నలుపు చేరుతుంది. 178 తక్కువే. గుడ్లు మానేసి పాలు కొద్దిగా తాగితే నిల్వలు ఇంకా పడిపోతాయి. డాక్టరు చెప్పిన మోతాదులో బి12 తీసుకుంటే రెండు మూడు నెలల్లో ఆ నలుపు పలచబడుతుంది. నిమ్మచెక్కతో, శనగపిండితో రుద్దితే తోలు మందమై ఇంకా నల్లబడుతుంది తప్ప పోదు.

మొటిమల విషయంలో నుదురు, దవడ విడిగా చూడాలి. దవడ పక్కన వచ్చినవాటిలో చక్కెర పాత్ర ఉండొచ్చు. తీపి, తెల్ల పిండి పదార్థాలు ఎక్కువైతే ఇన్సులిన్, దానితో పాటు ఐజీఎఫ్-1 అనే హార్మోన్ పెరిగి చర్మంలో నూనె గ్రంథులను రెచ్చగొడతాయి. పాలు, ముఖ్యంగా వెన్న తీసిన పాలు, వే ప్రొటీన్ పొడి కూడా కొందరిలో మొటిమలు పెంచుతాయి. నెయ్యి, వేపుళ్లు తింటే మొటిమలు వస్తాయన్న నమ్మకానికి అంత బలం లేదు. నుదుటి మొటిమలకు మాత్రం నేను ముందు అడిగేది తలనూనె గురించి. రోజూ తలస్నానం, జుట్టు పొడిబారుతుందని రోజూ కొబ్బరినూనె, అది నుదుటి మీదికి జారడం. అక్కడ చర్మరంధ్రాలు మూసుకుని, ఒకే సైజులో చిన్న చిన్న గుళ్లు వరుసగా లేస్తాయి. నూనె చివర్లకే రాసి, నుదురు తుడిచేసుకుంటే ఆరు వారాల్లో తేడా తెలుస్తుంది. చక్కెర తగ్గించినా అంతే, ఎనిమిది వారాలు చూడాలి. ఇవాళ లేచిన మొటిమ లోపల కొన్ని వారాల కిందటే మొదలైంది కాబట్టి, నిన్న తిన్న దాన్ని నిందించి లాభం లేదు.

కాళ్ల పొట్టుకు తిండి కారణం తక్కువ. కార్తీకం అంటే గాలిలో తేమ తగ్గే కాలం. రోజూ తెల్లవారుజామున సబ్బుతో స్నానం, ఒళ్లు ఆరబెట్టుకుని అలాగే వదిలేయడం. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు. ఒళ్లు అద్దినట్టు తుడిచి, ఇంకా తడి ఉండగానే, మూడు నిమిషాల్లోపు మందపాటి మాయిశ్చరైజర్ గానీ వాజలైన్ గానీ రాయాలి. పూర్తిగా ఆరాక రాస్తే సగం ప్రయోజనం పోతుంది. మడమలు పగిలితే (అయ్యప్ప మాలలో చెప్పులు లేకుండా తిరిగేవాళ్లకు ఇది మరీ ఎక్కువ) రాత్రి పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో పెట్టి, యూరియా 20 శాతం ఉన్న క్రీము రాసి నూలు మేజోళ్లు వేసుకోవాలి. నీళ్లు ఎక్కువ తాగితే చర్మం మెత్తబడుతుందన్నది మాత్రం నిజం కాదు, దాహం తీరేంత తాగితే చాలు.

మలినాల మాటకు వస్తే, ఒంట్లో వ్యర్థాలను పంపేది కాలేయం, మూత్రపిండాలు. చర్మం ఆ పని చేయదు, మొటిమలో ఉండేది నూనె, చచ్చిన కణాలు, బాక్టీరియా. ఆటోఫజీ పేరు ఆ వీడియోల్లో తప్పక వినిపిస్తుంది. కణం తన పాడైన భాగాలను తానే కరిగించుకోవడం అది, యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది దానికే. ఆయన ఆ విధానాన్ని విప్పింది ఈస్ట్ కణాల్లో. పదహారు గంటలు తినకపోతే మన మొహం మెరుస్తుందని అందులో ఎక్కడా లేదు. మొటిమలు వస్తుంటే మంచిదే అని మందు ఆపినవాళ్లకు మచ్చలు గుంటలు పడి మిగిలిపోతాయి, అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంకొకటి, మీ చెల్లెలికి కాదు, ఈ చర్చ చదివేవాళ్ల కోసం. కీటో డైటు (అన్నం, రొట్టె మానేసి కొవ్వు ఎక్కువగా తినే పద్ధతి), రోజుల తరబడి నీళ్ల ఉపవాసం చేసేవాళ్లకు ఛాతీ, వీపు, మెడ మీద విపరీతమైన దురదతో ఎర్రటి పొక్కులు లేచి, అవి తగ్గినచోట వలలాగా గోధుమ రంగు చారలు మిగిలితే అది అలర్జీ అనుకోకండి. జపాన్ వైద్యుడు నగాషిమా 1971లో వర్ణించిన ప్రురిగో పిగ్మెంటోసా అనే జబ్బు అది. కొవ్వు కరిగేటప్పుడు రక్తంలో చేరే కీటోన్లు పెరగడంతో దానికి సంబంధం ఉంది. అన్నం, రొట్టె మళ్లీ తినడం మొదలుపెడితే చాలామందిలో రోజుల్లోనే దురద తగ్గుతుంది, మచ్చలకు మాత్రం నెలలు పడుతుంది. సిట్రిజిన్, స్టెరాయిడ్ క్రీములు దీని మీద పెద్దగా పనిచేయవు.

మందుల_కొట్టు:

డాక్సీసైక్లిన్ మంట గురించి. తెల్లవారుజామున గుక్కెడు నీళ్లతో వేసుకుని మళ్లీ నడుం వాల్చి ఉంటుంది, ఉపవాసం రోజుల్లో ఎక్కువగా జరిగేది ఇదే. ఆ మాత్ర అన్నవాహికలో అతుక్కుంటే అక్కడే కరిగి పుండు పడుతుంది. నిలబడి గానీ కూర్చుని గానీ, పెద్ద గ్లాసు నిండా నీళ్లతో మింగాలి, అరగంట పడుకోకూడదు. నక్తం చేసేవాళ్లు రాత్రి భోజనం మధ్యలో వేసుకుంటే వికారం కూడా ఉండదు. ఐరన్ మాత్రకు, దీనికి కనీసం రెండు మూడు గంటల ఎడం కావాలి, లేకపోతే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఒంటికి పట్టకుండా పోతాయి.

మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడేవాళ్లు ఇంకో పొరపాటు చేస్తుంటారు. ఆ క్యాప్సూల్ కొవ్వు ఉన్న భోజనంతోనే సరిగా పడుతుంది, ఖాళీ కడుపున వేసుకుంటే దాదాపు సగం వృథా. పగలంతా ఏమీ తినని రోజున పొద్దున్నే వేసుకుని, మందు పనిచేయడం లేదని మానేసినవాళ్లు ఉన్నారు. రాత్రి నెయ్యి వేసుకున్న అన్నంతో వేసుకోవాలి. విటమిన్ ఎ మాత్రలు దానితో కలపకూడదు. ఆడవాళ్లు ఆ మందు వాడుతూ గర్భం దాల్చకూడదు, ఆపాక కూడా నెల రోజులు ఆగాలి.

థైరాయిడ్ మాత్ర తెల్లవారుజామున ఉత్త నీళ్లతో వేసుకుని, కాఫీ గంట తర్వాత తాగండి. రోజా ఉండేవాళ్లకు పడుకోబోయే ముందు, తిన్న మూడు గంటల తర్వాత వేసుకోవడం కుదురుతుంది. ఈసారి శివరాత్రి వెళ్లిన నాలుగైదు రోజులకే రంజాన్ కాబట్టి ఇది చాలామందికి అవసరం.

రాత్రి_డ్యూటీ:

చర్మం దాటి కొంచెం చెబుతాను. ఉపవాసం చెడ్డదని ఎవరూ అనుకోవద్దు. బరువు ఎక్కువున్నవాళ్లలో, పద్ధతిగా తింటూ భోజనాల మధ్య ఎడం పెంచితే బరువు, నడుం చుట్టుకొలత, కాలేయంలో కొవ్వు తగ్గుతాయి. మెడ వెనక, చంకల్లో మఖమల్ గుడ్డలా మందంగా నల్లబడి ఉంటే అది ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి గుర్తు. సున్నిపిండితో రుద్దితే పోదు, బరువు తగ్గితే పలచబడుతుంది. అలాంటివాళ్లకు నక్తం నిజంగా మేలు చేయగలదు. 56 కిలోలున్న అమ్మాయికి తగ్గించాల్సిన బరువే లేదు, అందుకే అదే నియమం ఆమెకు నష్టం చేసింది.

షుగరు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరుతో మాట్లాడకుండా ఒక్క పూట కూడా ఉండొద్దు. గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ వాడుతుంటే తినని పూట చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, చేతుల వణుకు, మాట తడబడటం మొదలైతే ముహూర్తం చూడకుండా మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి, పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించాలి. గ్లూకోమీటరులో 70 కన్నా తగ్గినా, 300 దాటినా ఆ రోజు ఉపవాసం అక్కడితో ఆపాలి. వేలి చివర రక్తం చుక్క తీసి చూసుకుంటే రోజా భంగం కాదని ఉలమాలు చెబుతున్నారు, కాబట్టి ఆ సందేహంతో పరీక్ష మానొద్దు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. చక్కెర పెద్దగా పెరగకుండానే రక్తం కీటోన్లతో ఆమ్లంగా మారొచ్చు. వాంతులు, కడుపు నొప్పి, ఆయాసం వస్తే మీటరులో 180 చూసి ధైర్యపడకండి, ఆసుపత్రికి రండి. నిర్జలంగా ఉండే ముందు ఈ మందులు ఎప్పుడు ఆపాలో డాక్టరును ముందే అడగాలి.

వారానికి కిలోన్నర మించి బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్ల ముప్పు పెరుగుతుంది. గౌట్ ఉన్నవాళ్లకు ఉపవాసంలో యూరిక్ యాసిడ్ పెరిగి బొటనవేలు వాస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గతంలో తిండి మానేసే మానసిక ఇబ్బంది పడ్డవాళ్లు నిర్జలం ఉండొద్దు, పళ్లు, పాలతో ఉండాలన్నా డాక్టరును అడిగే ఉండాలి. అయిదు రోజులు దాటి ఏమీ తినకుండా ఉన్న మనిషికి ఒక్కసారిగా పూర్తి భోజనం పెట్టడం ప్రాణాంతకం కావచ్చు. రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి గుండె లయ తప్పుతుంది. అలాంటివాళ్లకు తిరిగి తినిపించడం ఆసుపత్రిలోనే జరగాలి.

గోదారి_గట్టు:

అందరికీ ధన్యవాదాలు. అడిగి చూశాను, నెలసరి ఎక్కువగానే అవుతోందట, ఎప్పుడూ చెప్పలేదు. డాక్టరు ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు, బి12 రాశారు. మరి శివరాత్రి?

పథ్యం:

ఆ నెలసరి విషయం గైనకాలజిస్టుకు చూపించండి. ఆ కారుతున్నది ఆగకపోతే ఎంత ఐరన్ పోసినా నిలవదు. రోజు విడిచి రోజు వేసుకోవడం మంచి పద్ధతే, రోజూ వేసుకుంటే పేగు ఇనుమును తీసుకోవడం తగ్గించేస్తుంది. ఖాళీ కడుపున నిమ్మరసం నీళ్లతో, కాఫీకి రెండు గంటల ఎడంతో. మలం నల్లగా వస్తే భయపడొద్దు.

శివరాత్రి ఒక్కరోజు కాబట్టి ఉండొచ్చు, నిర్జలం మాత్రం కాకూడదు. పొద్దున ఎనిమిదికి గ్లాసుడు పాలు, ఒక అరటిపండు. పదకొండుకు ఉప్పు, నిమ్మరసం వేసిన మజ్జిగ. ఒంటిగంటకు ఉడికించిన చిలగడదుంప 150 గ్రాములు, దానితో గిన్నెడు పెరుగు. దుంప కాల్చకుండా ఉడికించండి, కాల్చిన దుంప చక్కెరను ఎక్కువ పెంచుతుంది. నాలుగింటికి నానబెట్టిన బాదం పది, బత్తాయి పండు. రసం తీయకుండా తొనలే తినాలి. సాయంత్రం అభిషేకం అయ్యాక 40 గ్రాముల పెసరపప్పుతో వడపప్పు. రోజు మొత్తం రెండు లీటర్ల నీళ్లు. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే ఇంకా తాగాలి.

జాగరణలో కాఫీ ఒకటి, అదీ రాత్రి పదిలోపు. ఒంటిగంట దాటాక ఆకలేస్తే గోరువెచ్చని పాలు, పంచదార లేకుండా. కళ్లు తిరిగితే లేచి నిలబడకూడదు, కాళ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. ఆ రాత్రికి జాగరణ అక్కడితో ఆపేయాలి.

మర్నాడు పారణలోనే చాలామంది పాడు చేసుకుంటారు. గుడి నుంచి రాగానే పులిహోర, గారెలు, పరమాన్నం ఒకేసారి తింటే కడుపుబ్బరం, వాంతులు. ముందు మజ్జిగ, అరగంట ఆగి పెరుగన్నం కొద్దిగా, మధ్యాహ్నానికి అన్నం, ముద్దపప్పు, తోటకూర వేపుడు, నిమ్మకాయ. ఆ రోజు ఐరన్ మాత్ర వంతు అయితే సాయంత్రానికి జరపండి, రాత్రంతా మేలుకున్న ఖాళీ కడుపు దానికి ఓర్చుకోదు.

జుట్టుకు పాపిడి మధ్యలో తీసి, ఒకే కిటికీ వెలుతురులో నెలకొక ఫొటో తీయండి, రోజూ లెక్కపెట్టుకుంటే ఆందోళన తప్ప ఏమీ తెలియదు. మూడు నెలలకు ఫెరిటిన్, హిమోగ్లోబిన్, బి12 మళ్లీ చేయించండి. హిమోగ్లోబిన్ 12 దాటగానే ఐరన్ ఆపేస్తారు చాలామంది, అప్పటికి నిల్వలు నిండవు. ఆ తర్వాత ఇంకో మూడు నెలలు డాక్టరు చెప్పినట్టు వాడాలి.